స్ట్రెంత్ తగ్గితే ముందు పోయేది హెడ్మాస్టరు కుర్చీయే

క్లుప్తంగా: ప్రభుత్వ బడి బాగుపడాలంటే మంచి హెడ్మాస్టరు ఉండాలని కొందరు, బడులు పెద్దవి కావాలని ఇంకొందరు వాదిస్తుంటారు. తెలుగు రాష్ట్రాల్లో ఈ రెండు విషయాలూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. బడికి హెడ్మాస్టరు పోస్టు ఉండాలా వద్దా అన్నది మన నిబంధనల్లో పిల్లల సంఖ్యే తేలుస్తుంది. దాంతో బడి చిన్నదయ్యేకొద్దీ టీచర్లతో పాటు బడి మొత్తం గురించి ఆలోచించాల్సిన మనిషి కూడా లేకుండా పోతున్నారు. పిల్లల్ని ఒకచోటికి చేర్చినంత మాత్రాన ఈ సమస్య తీరలేదని 2022 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది చూస్తే తెలుస్తుంది.

ఏటా జూన్ వస్తే చాలు, తెలంగాణలో పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట, ఆంధ్రలో టీచర్ల సర్దుబాటు, రెండు చోట్లా రేషనలైజేషన్ (పిల్లల సంఖ్యను బట్టి టీచరు పోస్టులను సర్దడం) మాట, ఏ బడిలో ఎవరు సర్‌ప్లస్ అవుతారోనని టీచర్లలో టెన్షన్, మా ఊరి బడి ఎత్తేస్తారా అని తల్లిదండ్రుల్లో భయం. ఈ గొడవలో రెండు అంకెలు బాగా ప్రచారంలోకి వచ్చాయి. కేంద్ర విద్యాశాఖ సేకరించే యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం 2024-25లో దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ బడులు ఉంటే, వాటిలో 12,912 బడులతో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో నిలిచింది. ఒక్క పిల్లవాడు కూడా చేరని బడుల్లో పశ్చిమ బెంగాల్ తర్వాత 2,245 బడులతో తెలంగాణ రెండో స్థానంలో ఉంది. ఈ రెండు జాబితాల్లోనూ తెలుగు రాష్ట్రాలే పైన ఎందుకున్నాయి?

బడులు ఇలా ఎందుకు చిక్కిపోయాయి

దీనికి మూడు కారణాలు కలిశాయి. 1990ల నుంచి ప్రతి ఆవాసానికీ కిలోమీటరు లోపు ప్రాథమిక బడి ఉండాలన్న లక్ష్యంతో తండాల్లో, హరిజనవాడల్లో, చిన్న చిన్న పల్లెల్లో వేలాది బడులు తెరిచారు. ఆ రోజుల్లో అది చాలా అవసరమైన పని. ఆ బడులు లేకపోతే ఒక తరం ఆడపిల్లలు పలకే పట్టేవాళ్లు కాదు. ఆ తర్వాత పిల్లల సంఖ్యే తగ్గింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో మహిళకు సగటు కాన్పులు ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8 మాత్రమే. మూడోది అందరికీ తెలిసిన పసుపు రంగు బస్సు. పొద్దున్నే ఇంటి ముందుకొచ్చి హారన్ కొట్టి, ఇంగ్లిష్ మీడియం పేరుతో ఊళ్లోని పిల్లల్లో సగం మందిని పక్క పట్నానికి తీసుకుపోతుంది. తర్వాత రెండు రాష్ట్రాలూ సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం పెద్ద ఎత్తున తెచ్చాయి గానీ, అప్పటికే బస్సెక్కడం అలవాటైన పిల్లలందరూ వెనక్కి రాలేదు.

ఒక్క టీచరు, పద్దెనిమిది పాఠాలు

చిన్న బడి అనగానే పిల్లలు తక్కువ, టీచరు ఒక్కొక్కరి మీద శ్రద్ధ పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. లెక్క వేస్తే సంగతి వేరేగా ఉంటుంది.

ఒకటి నుంచి ఐదు వరకు ఉన్న బడిలో 22 మంది పిల్లలు, ఒక్క ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) ఉన్నారనుకుందాం. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, అంటే తరగతికి మూడు పాఠాల చొప్పున ఆరు. మూడు, నాలుగు, ఐదు తరగతులకు పరిసరాల విజ్ఞానం కూడా కలిసి నాలుగేసి చొప్పున పన్నెండు. మొత్తం పద్దెనిమిది. ఒక్కో పాఠానికి 40 నిమిషాలు ఇస్తే 12 గంటలు కావాలి. బడి నడిచేదేమో ప్రార్థన, భోజనం, ఇంటర్వెల్ తీసేస్తే ఐదారు గంటలే. కాబట్టి ఎంత నిబద్ధత ఉన్న టీచరైనా చేయగలిగేది ఒకటే: ఒక తరగతికి పాఠం చెబుతూ మిగతా నాలుగు తరగతులకు ఏదో ఒక రాతపని ఇవ్వడం. ఒకటో తరగతి పిల్ల 'అ'ను పలక మీద పదిసార్లు దిద్దేసి, ఇంకేం చేయాలో తెలియక పక్క పిల్ల జడ లాగుతుంటే, అవతల ఐదో తరగతి బోర్డు మీద భాగహారం సగంలో ఆగిపోతుంది. అదే సమయంలో వంట ఏజెన్సీ అక్క వచ్చి ఇవాళ ఎన్ని గుడ్లు ఉడకేయాలని అడుగుతుంది. ఫోన్‌లో హాజరు అప్‌లోడ్ చేయాలి, నెట్ అందదు. మండల కేంద్రంలో మీటింగు పడితే ఆ రోజు బడి తెరవడానికే పక్క ఊరి నుంచి ఎవరినైనా పంపాలి.

ఇక్కడే పీటీఆర్, అంటే ఒక టీచరుకు ఎంతమంది పిల్లలు అనే అంకె మోసం చేస్తుంది. 22 మందికి ఒక టీచరంటే 1:22, కాగితం మీద మంచి నిష్పత్తి. ఒక్కో తరగతికి ఎంత టీచరు అందుతున్నారో చూస్తే, ఐదో వంతు మనిషి. హైస్కూల్లో దీనికి సరిగ్గా తలకిందులు. ఆరు నుంచి పది వరకు తరగతికి 14 మంది చొప్పున 70 మంది పిల్లలే ఉన్నా తెలుగు, హిందీ, ఇంగ్లిష్, లెక్కలు, భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం, సోషల్ కలిపి ఏడుగురు టీచర్లు కావాలి, సబ్జెక్టులు తగ్గవు కదా. పీటీఆర్ 1:10 అవుతుంది, ఆర్థికశాఖ కంటికి అది దుబారాగా కనిపిస్తుంది. బడి సైజు మీద నడిచే గొడవంతా చాలావరకు ఈ రెండు లెక్కల మధ్యే.

150 అనే గీత

అసలు విషయం ఇంకోచోట ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు. పిల్లలు 150 దాటితేనే ఐదుగురు టీచర్లతో పాటు విడిగా ఒక హెడ్మాస్టరు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకైతే 100 దాటితే పూర్తికాలపు హెడ్మాస్టరు ఉండాలి. ఇప్పుడు పల్లెల్లో 150 మంది ఉన్న ప్రాథమిక బడి ఎక్కడుంది? వెతుక్కోవాలి. అంటే చట్టం రాసిన రోజునే చిన్న బడికి నాయకత్వం అక్కర్లేదని పరోక్షంగా ఒప్పేసుకున్నాం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ లోటును కొంత పూడ్చింది ఎల్ఎఫ్ఎల్ హెడ్మాస్టర్ల పోస్టులు, అంటే మహిళా అక్షరాస్యత తక్కువగా ఉన్న ప్రాంతాల బడుల కోసం మంజూరైనవి. అవి లేని చోట సీనియర్ ఎస్జీటీయే ఇన్‌ఛార్జి. పాఠాల భారం తగ్గదు, రిజిస్టర్లు మాత్రం వచ్చి చేరతాయి. డబ్బు కూడా పిల్లల సంఖ్యను బట్టే వస్తుంది. సమగ్ర శిక్ష కింద ఇచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటు 30 మంది లోపు ఉంటే ఏడాదికి రూ. 10,000, 31 నుంచి 100 వరకు రూ. 25,000, 101 నుంచి 250 వరకు రూ. 50,000. చాక్‌పీసులు, కరెంటు బిల్లు, చీపుళ్లు, చిన్న చిన్న రిపేర్లు అన్నీ అందులోనే సర్దుకోవాలి. పది వేలతో ఏడాది నడిపే బడికి నువ్వు విజన్ రాసుకో అని చెప్పడం న్యాయం కాదు.

ఇంతకీ విజన్ అంటే ఏమిటి

ఈ మాట శిక్షణా తరగతుల్లో అరిగిపోయింది. బడి గోడ మీద దార్శనికత, లక్ష్యం అని రెండు పెయింటింగులు వేయిస్తే అయిపోయిందని అనుకునేవాళ్లూ ఉన్నారు. ప్రపంచంలో ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు మాత్రం కొంచెం కచ్చితంగానే చెబుతున్నాయి. వివియన్ రాబిన్సన్ బృందం 2008లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు, ఉత్సాహపరిచే నాయకత్వం కంటే బోధన మీద దృష్టి పెట్టే నాయకత్వానికి పిల్లల చదువు మీద మూడు నాలుగు రెట్లు ఎక్కువ ప్రభావం కనిపించింది. అన్నిటికంటే బలంగా పనిచేసింది ఏమిటంటే, హెడ్మాస్టరు తానే టీచర్లతో కూర్చుని వాళ్లతో పాటు నేర్చుకోవడం. 2015లో వచ్చిన మరో అధ్యయనం ఎనిమిది దేశాల్లో 1,800కు పైగా హైస్కూళ్ల నిర్వహణను కొలిచింది, భారత్ కూడా అందులో ఉంది. నిర్వహణ బాగున్న చోట ఫలితాలూ బాగున్నాయి. సర్కారు నిధులతో నడుస్తూనే సొంత నిర్ణయాధికారం ఉన్న బడులు ముందున్నాయి, ఆ తేడాకు ప్రధానంగా రెండు కారణాలు దొరికాయి: ప్రిన్సిపాల్ నాయకత్వం, ఎవరికి జవాబు చెప్పాలో స్పష్టంగా ఉండడం.

దీనికి ఎదురుగా మధ్యప్రదేశ్ అనుభవం ఒకటి ఉంది, ఇది మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. అక్కడ బడులను వివరంగా మదింపు చేసి, ఒక్కో బడికి దాని లోపాలకు తగ్గ అభివృద్ధి ప్రణాళిక రాయించారు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ దాన్ని ప్రయోగ పద్ధతిలో పరీక్షించారు. మదింపులు జరిగాయి, ప్రణాళికలు తయారయ్యాయి, ఫైళ్లు కదిలాయి. టీచర్ల హాజరు మారలేదు, పిల్లల చదువూ మారలేదు. అయినా ఆ పద్ధతిని దేశమంతా ఆరు లక్షలకు పైగా బడులకు విస్తరించారు. ప్రణాళిక రాసినవాళ్లకు దాన్ని అమలు చేయించే అధికారం గానీ, చేయకపోతే అడిగేవాళ్లు గానీ లేరు. విజన్ అన్న మాట ఎక్కడ కాగితంగా మిగిలిపోతుందో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం.

పనికొచ్చే విజన్ చాలా మామూలుగా ఉంటుంది. ఆరో తరగతిలో చేరిన 40 మందిలో రెండో తరగతి తెలుగు వాచకం తడబడకుండా చదవలేనివాళ్లు ఎవరెవరో జూలై నెలాఖరుకు పేర్లతో సహా తెలిసి ఉండడం, వాళ్ల కోసం మొదటి పీరియడ్ కేటాయించడం, ఆ పీరియడ్‌లో హెడ్మాస్టరు వారానికి రెండుసార్లు వెనక బెంచీలో కూర్చోవడం, డిసెంబరులో మళ్లీ అదే పేజీ చదివించి చూడడం. ఇంతే. కానీ ఇది జరగాలంటే పాఠాలు చెప్పే పని నుంచి కాస్త ఖాళీ ఉన్న ఒక మనిషి కావాలి, ఆ మనిషి కనీసం మూడు నాలుగేళ్లు అక్కడే ఉండాలి.

కుర్చీ ఉన్నచోట కూడా

హైస్కూళ్లలో గెజిటెడ్ హెడ్మాస్టరు పోస్టు ఉంది కాబట్టి అక్కడ అంతా బాగుంటుందని అనుకోవడానికి లేదు. టీచర్లను ఎంచుకునే హక్కు హెడ్మాస్టరుకు లేదు, వెబ్ కౌన్సెలింగ్‌లో పాయింట్ల ప్రకారం ఎవరొస్తే వాళ్లే. బాగా చెప్పేవారిని ఉంచుకోలేరు, చెప్పనివారిని పంపలేరు. 2025లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన బదిలీల చట్టం ప్రకారం ఒకచోట టీచరు ఎనిమిదేళ్లు, హెడ్మాస్టరు ఐదేళ్లు మాత్రమే ఉండొచ్చు. అంటే బడిని మార్చాల్సిన మనిషి టీచర్ల కంటే ముందే వెళ్లిపోతారు. దీనికి తోడు ప్రమోషన్లు ఏళ్ల తరబడి ఆగిపోవడంతో చాలామంది యాభై దాటాకే ఆ కుర్చీలోకి వస్తున్నారు. సర్వీసు మిగిలేది నాలుగైదేళ్లు.

తెలంగాణలో పంచాయతీరాజ్ టీచర్లకు, ప్రభుత్వ టీచర్లకు ఉమ్మడి సర్వీసు నిబంధనల వివాదం కోర్టుల్లో నలిగినన్నాళ్లూ రెగ్యులర్ ఎంఈఓలు (మండల విద్యాధికారులు) లేక ఇన్‌ఛార్జిలే మండలాలను నడిపారు. ఆ ఇన్‌ఛార్జి ఎవరు? ఏదో ఒక హైస్కూలు హెడ్మాస్టరే. ఒకే మనిషి సొంత బడి, మండలంలోని బడులు, ఒక్కోసారి పక్క మండలం కూడా అదనపు బాధ్యత కింద చూసుకుంటూ ఉంటే, ఆరో తరగతి వెనక బెంచీలో కూర్చునే తీరిక ఎక్కడిది?

నూరు శాతం ఫలితాల వెనక లెక్క

పదో తరగతి ఫలితాలు రాగానే నూరు శాతం బడుల జాబితా, సున్నా శాతం బడుల జాబితా పత్రికల్లో వస్తాయి. వెంటనే చిన్న బడులే మేలని ఒకరు, చిన్న బడులు పనికిరావని ఇంకొకరు. ఇద్దరికీ ఆధారాలు దొరుకుతాయి, ఎందుకంటే రెండు జాబితాల్లోనూ చిన్న బడులే ఎక్కువగా ఉండడం గణితపరంగా సహజం.

ఒక్కో విద్యార్థి పాసయ్యే అవకాశం 90 శాతం అనుకుందాం, అన్ని బడుల్లోనూ చదువు ఒకటేలా ఉందనీ అనుకుందాం. పది మంది రాసే బడిలో అందరూ పాసయ్యే అవకాశం దాదాపు 35 శాతం, అంటే ఇలాంటి మూడు బడుల్లో ఒకటి ఏ ప్రత్యేకతా లేకుండానే నూరు శాతం బడి అయిపోతుంది. వంద మంది రాసే బడికి అదే అవకాశం లక్షలో మూడు కూడా ఉండదు. కింది వైపు కూడా ఇంతే. పది మంది బడుల్లో వందకు ఏడు బడులు కేవలం అదృష్టం బాగోక 70 శాతానికో అంతకంటే కిందికో పడిపోతాయి, వంద మంది బడి అలా పడడం దాదాపు అసాధ్యం. అమెరికాలో ఈ పొరపాటు పెద్ద ఖర్చుకే దారితీసింది. మంచి ఫలితాల జాబితాల పైభాగంలో చిన్న బడులు ఎక్కువగా ఉన్నాయని చూసి, 2000ల తొలి ఏళ్లలో గేట్స్ ఫౌండేషన్ పెద్ద హైస్కూళ్లను చిన్నవిగా మార్చడానికి భారీగా ఖర్చు పెట్టింది. జాబితా అడుగున కూడా అవే ఎక్కువగా ఉన్నాయని గణాంక శాస్త్రవేత్త హోవర్డ్ వైనర్ ఎత్తి చూపాడు. ఆ తర్వాత ఫౌండేషన్ ఆ దారి నుంచి పక్కకు తప్పుకుంది. అయితే న్యూయార్క్‌లో కొత్తగా పెట్టిన చిన్న హైస్కూళ్లు మాత్రం లాటరీ పద్ధతిలో పరీక్షించినప్పుడు కూడా మంచి ఫలితాలే ఇచ్చాయి. అవి ప్రిన్సిపాల్‌తో సహా మొదటి నుంచి కొత్తగా కట్టుకున్న బడులు, పాత బడిని నాలుగు ముక్కలు చేసినవి కావు.

విలీనంతో ఏమైంది

2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ జీవో 117 తెచ్చింది. బడులను ఆరు రకాలుగా విడగొట్టి, కిలోమీటరు లోపు ఉన్న హైస్కూళ్లకు 3, 4, 5 తరగతుల్ని పంపింది. ఆలోచనలో తర్కం ఉంది. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచరు దొరుకుతారు, హెడ్మాస్టరు ఉన్న బడిలోకి పిల్లలు వెళతారు, లైబ్రరీ, ఆటస్థలం వస్తాయి. కానీ వెనక మిగిలిన బడి సంగతి ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఒకటి, రెండు తరగతులతో, పదిహేను ఇరవై మంది పిల్లలతో ఒక్క టీచరు. పైన చెప్పిన 12,912లో ఇలా పుట్టినవీ ఉన్నాయి.

ఆ జూలైలో చాలా ఊళ్లలో తల్లిదండ్రులు బడులకు తాళాలు వేసి నిరసన తెలిపారు. కిలోమీటరుకే ఇంత గొడవా అని కొందరు అన్నారు గానీ, ఎనిమిదేళ్ల పిల్ల హైవే దాటాలి, కాలవ గట్టు మీద నడవాలి, ఐదేళ్ల తమ్ముడు మాత్రం పాత బడిలోనే. ఇద్దర్నీ రెండు చోట్ల దింపి కూలికి వెళ్లాలంటే ఆ తల్లికి ఉదయం ఎంత పోతుందో ఆలోచించాలి. పది కిలోమీటర్ల అవతలి ప్రైవేటు బడికి పంపడానికి అదే తల్లి ఒప్పుకుంటుంది, ఎందుకంటే బస్సు గుమ్మం ముందుకొస్తుంది. దూరమెళ్లే పిల్లలకు సమగ్ర శిక్ష కింద ఏటా రూ. 6,000 వరకు రవాణా భత్యం ఉంది, కానీ డబ్బు వేయడం వేరు, వ్యాను తిప్పడం వేరు.

వేరే రాష్ట్రాలూ ఈ దారిలో నడిచాయి. రాజస్థాన్ 2014 నుంచి వేలాది చిన్న బడులను పెద్ద బడుల్లో కలిపి ఒకటి నుంచి పన్నెండు దాకా ఒకే ప్రిన్సిపాల్ కిందికి తెచ్చింది, అక్కడ కనీసం కుర్చీ సంగతి ముందే ఆలోచించారు. ఉత్తరప్రదేశ్ 2025లో 50 మంది లోపున్న బడులను కలపబోయి, హైకోర్టు సమర్థించినా, చివరికి కిలోమీటరు దాటితే కలపబోమని సడలించుకుంది.

గురుకులాలతో ఎందుకు పోల్చకూడదు, ఎందుకు పోల్చాలి

ఈ చర్చలో ఎవరో ఒకరు గురుకులాలను చూడండి అంటారు. 1971లో సర్వేల్ గురుకుల పాఠశాలతో మొదలైన ఆ సంప్రదాయం నిజంగా మనం గర్వపడాల్సిందే. అయితే అక్కడ తలసరి ఖర్చు ఎక్కువ, చాలావరకు ప్రవేశ పరీక్ష ఉంటుంది, పిల్లలు ఇరవైనాలుగు గంటలూ క్యాంపస్‌లోనే ఉంటారు. కాబట్టి ఫలితాలను పక్కపక్కన పెట్టడం సరికాదు. నేర్చుకోవాల్సింది వాటి నిర్మాణం నుంచి. తెలంగాణ సంక్షేమ గురుకులంలో తరగతికి 80 మంది, ఐదు నుంచి ఇంటర్ దాకా 640 మంది అని సైజు ముందే ఖరారవుతుంది. ఆ సైజుకు తగ్గట్టు ప్రిన్సిపాల్, సబ్జెక్టు టీచర్లు, వార్డెన్ పని చూసేవాళ్లు అందరూ ఉంటారు. పైన సొసైటీకి ఒక కార్యదర్శి ఉంటారు. ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ దాదాపు తొమ్మిదేళ్లు ఆ ఒకే పదవిలో ఉండడం వల్లే ఆయన ఆలోచనలు తరగతి గది దాకా చేరాయి. 2014లో గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది ఆ రోజుల్లోనే. మామూలు జిల్లాపరిషత్ బడిలో సైజు దానంతటదే తగ్గిపోతుంది, కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియదు.

మధ్యేమార్గం ఒకటి కాగితం మీద ఎప్పటినుంచో ఉంది. 1964-66 కొఠారి కమిషన్ చెప్పిన స్కూల్ కాంప్లెక్స్‌నే 2020 జాతీయ విద్యావిధానం మళ్లీ ముందుకు తెచ్చింది. ఐదు నుంచి పది కిలోమీటర్ల పరిధిలో ఉన్న చిన్న బడులన్నీ ఒక హైస్కూలుతో కలిసి పనిచేయాలి, టీచర్లను, ల్యాబ్‌ను, ఆటల సామాన్లను పంచుకోవాలి. పిల్లలు ఊళ్లోనే ఉంటారు, నాయకత్వం మాత్రం ఉమ్మడిగా ఉంటుంది. మన దగ్గర కాంప్లెక్సులు ఉన్నాయి, నెలనెలా మీటింగులూ జరుగుతున్నాయి. కాంప్లెక్స్ హెడ్మాస్టరుకు మాత్రం సొంత బడిలో పదో తరగతి ఫలితాల బాధ్యత అలాగే ఉంది. చిన్న బడులకు వెళ్లి పాఠం చూసి సాయం చేయడానికి ఆయనకు విడిగా రోజులు గానీ, సొంత బడిలో ఆయన పని చూసే డిప్యూటీ గానీ ఇవ్వలేదు.

2025లో ఆంధ్ర ప్రభుత్వం జీవో 117ను పక్కనపెట్టి బడులను తొమ్మిది రకాలుగా మళ్లీ సర్దింది. తొమ్మిది వేలకు పైగా మోడల్ ప్రైమరీ బడుల్లో తరగతికో టీచరును పెట్టాలన్నది లక్ష్యం, 16,347 పోస్టుల మెగా డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష)తో కొత్త టీచర్లూ వచ్చారు. ఈసారి హెడ్మాస్టరు కుర్చీని కూడా లెక్కలోకి తీసుకున్నారు. హైస్కూళ్లలో మిగులుగా తేలిన స్కూల్ అసిస్టెంట్లను ఈ బడులకు హెడ్మాస్టర్లుగా పంపారు. వీళ్లలో చాలామంది పదిహేను ఇరవై ఏళ్లుగా తొమ్మిది, పది తరగతులకు ఫిజిక్సో సోషలో చెప్పినవాళ్లు. ఇప్పుడు వాళ్ల ముందున్నది ఒత్తులు పలకలేని రెండో తరగతి. ఒకటో తరగతి పిల్లకు చదవడం ఎలా వస్తుందో నేర్పే శిక్షణ వాళ్లకు మొదటి ఏడాదే అందుతుందా, కనీసం నాలుగేళ్లు కదపకుండా ఉంచుతారా, యాప్‌ల పనిని వాళ్ల మీద నుంచి ఎంత తగ్గిస్తారు అన్నవి రానున్న రెండు విద్యా సంవత్సరాల్లో బడి బడికీ వెళ్లి చూడాల్సిన విషయాలు.